పదకొండో నంబరు సీటు

2016 వేసవి. విజయనగరం జిల్లా తీరంలో ఒక మండల కేంద్రం. అక్కడ రహదారి పక్కన, ఒకప్పుడు ఎరువుల గోదాముగా ఉన్న రేకుల షెడ్డులో మా ప్రభుత్వ ఉపాధి శిక్షణ కేంద్రం నడిచేది. దానికి ఇన్‌చార్జిని నేను. ఇన్‌చార్జి అంటే పెద్ద హోదా అనుకునేరు. పొద్దున్నే తాళాలు తీసేదీ నేనే, ఫ్యాను తిరక్కపోతే తిట్లు తినేదీ నేనే, నెలాఖరున జిల్లా ఆఫీసులో చేతులు కట్టుకుని నిలబడేదీ నేనే.

మా పనిలో అన్నిటికన్నా కష్టం మొబిలైజేషన్. ఊళ్లు తిరిగి, సభలు పెట్టి, చదువు మధ్యలో మానేసిన పిల్లల్ని పోగుచేసి శిక్షణలో చేర్పించడాన్ని అలా అంటారు. చేర్పించడం ఒక ఎత్తు, మూడు నెలలు నిలబెట్టడం ఒక ఎత్తు. ముప్పై మందితో మొదలైన బ్యాచ్ పెళ్లిళ్లకి పదిమంది, జాతరకి పదిమంది చొప్పున కరిగిపోయి, పరీక్ష నాటికి మాస్టారు, నేను, గోడ మీద బల్లి మిగిలేవాళ్లం.

ఆ వేసవిలో నాకో గొప్ప ఆలోచన వచ్చింది. గొప్ప ఆలోచన వచ్చినప్పుడు కాసేపు పడుకుని లేవాలని మా అమ్మ చెప్పేది. నేను పడుకోలేదు. ఏటా ఎండాకాలంలో, చేపలు గుడ్లు పెట్టే రోజులని, రెండు నెలలు మరపడవల వేట ఆపేస్తారు. ఆ రెండు నెలలూ తీరంలో కుర్రాళ్లంతా ఖాళీ. అప్పుడు హౌస్ వైరింగ్ కోర్సు మొదలుపెడితే ఎక్కడికి పోతారు? ఇదీ నా పథకం. ఏప్రిల్లో మొదలుపెడతానని ఫైలు పంపాను. మంజూరై వచ్చేసరికి మే నెల సగం అయింది. కోర్సు ఆగస్టు దాకా సాగుతుంది, వేట జూన్‌లోనే మొదలవుతుంది. ఈ లెక్క చిన్నపిల్లవాడికైనా తడుతుంది. నాకు తట్టలేదు. మాది చీపురుపల్లి వైపు మెట్ట వ్యవసాయం. సముద్రం గురించి నాకు తెలిసిందల్లా అందులో నీళ్లు ఉప్పగా ఉంటాయనే.

రేవుపేట అనే ఊళ్లో, ఒడ్డుకు లాగిన పడవల నీడలో సభ పెట్టాను. భవిష్యత్తు, నైపుణ్యం, అవకాశాలు అంటూ గంటకు సరిపడా ఉపన్యాసం కాగితం మీద రాసుకుని వెళ్లాను. రెండు వాక్యాలు చదివానో లేదో, ఊరి పెద్ద దానయ్య తాత చెయ్యెత్తాడు.

"అదంతా సరే గానీ బాబూ, ఎంతమంది కావాల మీకు?"

"ముప్పై మంది తాతా."

"ముప్పై ఇల్లు. ఇంటికొకలు. అయిపోనాది, కాగితాలు తియ్యి."

తువ్వాలు పట్టుకుని ఆయన ఇళ్ల వైపు చూపిస్తూ పేర్లు చెప్పాడు, నేను రాసుకున్నాను. పావుగంటలో ముప్పై దరఖాస్తులు పూర్తయ్యాయి. నా ఉద్యోగ జీవితంలో అంత సులువుగా బ్యాచ్ నిండటం అదే మొదలు. ఉపన్యాసం కాగితం మడిచి జేబులో పెట్టుకుని, బస్సులో ఇంటిదాకా నాలో నేను నవ్వుకుంటూ వెళ్లాను.

మొదటి నెల అంతా సవ్యంగానే సాగింది. పాఠం చెప్పేది సన్యాసిరావు మాస్టారు. విద్యుత్ శాఖలో ముప్పై ఏళ్లు స్తంభాలెక్కి దిగి రిటైరైన మనిషి. ఒక కంటికి శుక్లం. నేను తర్వాతి బ్యాచ్ కోసం ఊళ్లు తిరుగుతూ, మధ్యమధ్య కేంద్రానికి వచ్చి తలలు లెక్కపెట్టుకుని వెళ్లేవాణ్ని.

జూన్ సగంలో వేట మొదలైంది. ఆ సంగతి నాకు పేపర్లో చదివితే తెలిసింది. బ్యాచ్ పోయిందనుకుంటూ మర్నాడు పరుగెత్తుకుని వెళ్లాను. చూద్దును కదా, ముప్పై తలలు ముప్పై సీట్లలో ఉన్నాయి! ఆ మర్నాడూ ముప్పై. ఆ వారమంతా ముప్పై. ఏ కేంద్రంలోనూ లేని హాజరు. పైగా తరగతిలో నలుగురైదుగురు ఆడపిల్లలు కూడా కనిపించారు. రిపోర్టులో 'మహిళల భాగస్వామ్యం గణనీయంగా పెరిగినది' అని రాశాను. పెరిగితే మొత్తం ముప్పై దాటాలి కదా అన్న అనుమానం నాకు రాలేదు. ఒకరోజు గడ్డం నెరిసిన ఒకాయన వెనక బల్ల మీద కూర్చుని బల్బు హోల్డరు బిగిస్తూ కనిపించాడు. ఎవరి తండ్రో బిడ్డ చదువు చూసుకోవడానికి వచ్చాడనుకుని ముచ్చటపడి, టీ తెప్పించి ఇచ్చాను.

జిల్లా సమీక్షలో పై అధికారి నన్ను నిలబెట్టి, "వీరిని చూసి నేర్చుకోండి" అన్నారు. మిగతా ఇన్‌చార్జులు రహస్యం అడిగారు. "పిల్లల మనసు గెలవాలండీ" అని చెప్పాను. సిగ్గుపడాల్సిన మాట. అప్పుడు సిగ్గు వేయలేదు, తర్వాత తలుచుకుని తలుచుకుని వేసింది.

ఆగస్టు మొదట్లో బయోమెట్రిక్ యంత్రం వచ్చింది. అభ్యర్థి వేలు పెడితే, ఆధార్‌లో ఉన్న వేలిముద్రతో సరిపోల్చి, అతని ఫొటో తెర మీద చూపించి హాజరు వేసే పెట్టె అది. కొబ్బరికాయ కొట్టి, మొదటి రోజు నేనే దగ్గరుండి వేయించాను. మొదటివాడు వేలు పెట్టాడు. సరిపోలేదు. రెండోవాడు పెట్టాడు. సరిపోలేదు. తాళ్లు లాగి లాగి వేటకెళ్లేవాళ్ల వేలిముద్రలు అరిగిపోతాయని నేనెక్కడో చదివాను. సగం చదువు ఎంత ప్రమాదమో ఆరోజు తెలిసింది. అందరినీ వరసగా నిలబెట్టి, తడిగుడ్డతో ఒకసారి, నిమ్మచెక్కతో ఒకసారి, కొబ్బరినూనెతో ఒకసారి వేళ్లు తోమించాను. వాళ్లు పాపం ఎదురు చెప్పకుండా తోముకున్నారు. పెళ్లికొడుకును చేస్తున్నారేటిరా అని ఎవరో అంటే అందరూ నవ్వారు.

పదకొండో నంబరు వంతు వచ్చింది. పేరు ఎల్లాజీ, వయసు ఇరవై. వేలు పెట్టగానే యంత్రం మొరాయించింది. తెర మీద ఫొటోలో మీసాలతో ఎల్లాజీ ఉన్నాడు. ఎదురుగా జడ వేసుకుని ఒక అమ్మాయి నిలబడి ఉంది. నా బుర్ర ఎలాంటిదంటే, అప్పటికీ నేను యంత్రాన్నే అనుమానించాను. ఇంకోసారి తుడిచి పెట్టమ్మా అన్నాను. ఆ పిల్ల పెట్టింది. మళ్లీ మీసాలే వచ్చాయి.

"అమ్మా, నువ్వెవరు?" అన్నాను చివరికి.

"నూకరత్నం బాబూ. ఎల్లాజీ సెల్లిని."

"ఎల్లాజీ ఏడీ?"

"ఏటకెల్లాడు."

"మరి నువ్విక్కడేం చేస్తున్నావు?"

ఆ పిల్ల నన్ను జాలిగా చూసింది. "ఆడి సీటు ఖాలీగా ఉండిపోతాది కదా బాబూ. పడవలోనైనా అంతే కదా. ఇంట్లో ఒకడికి బాగోకపోతే ఇంకొకలు ఎక్కాల. సోటు ఖాలీగా వదిలీకూడదు."

వెనక నుంచి గడ్డం నెరిసినాయన అందుకున్నాడు. "నాను సోమారం, లచ్చివారం బాబూ. మంగలారం మా అల్లుడొస్తాడు. మిగతా రోజులు పెద్దోడు. ఆడికి డూటీ లేకపోతేనే."

ఒక్కరిలోనూ దాపరికం లేదు. తప్పు చేసిన మొహం ఒక్కటీ లేదు. నేను ముప్పై మంది పేర్లు రాసుకున్నాననుకున్నాను. వాళ్లు ముప్పై ఇళ్లకు ముప్పై చోట్లు వచ్చాయనుకున్నారు. పడవ మీద చోటు ఇంటిది, మనిషిది కాదు. అన్న పోలేకపోతే తమ్ముడు, తమ్ముడు పోలేకపోతే మామ. చోటు వదిలేస్తే మాట పోయినట్టే. తెల్లారి వేటకు వెళ్లేవాడు, ప్రభుత్వం వారికిచ్చిన మాట పోకూడదని, బదులు మనిషిని పంపి మరీ వెళ్తున్నాడు. నేను గెలిచానని గొప్పలు చెప్పుకున్న పిల్లల మనసు ఇదన్నమాట. ముప్పైలో యంత్రం ఒప్పుకున్నది తొమ్మిది మందినే.

"మాస్టారూ, మీరైనా చూడలేదా?" అని సన్యాసిరావు గారి మీద విరుచుకుపడ్డాను.

"సూసేనండీ. పన్నెండో నంబరు ఒకరోజు పొట్టిగా, ఒకరోజు పొడుగ్గా ఉంటన్నాడు. నా కంటి శుక్లం మహిమనుకున్నాను. అయినా మీకెందుకండీ, నిన్న సెప్పిన పాఠం ఇయ్యాల ఎవుల్ని అడిగినా సెప్పేస్తన్నారు!"

అదీ నిజమే. ఆ ఊళ్లో ఇంకో కట్టుబాటు కూడా పెట్టుకున్నారట. ఇవాళ తరగతికి వెళ్లినవాడు సాయంత్రం ఇంట్లో కూర్చుని, రేపు వెళ్లేవాడికి పాఠం అప్పజెప్పాలి. ఎల్లాజీ నోటుపుస్తకం తెప్పించి చూశాను. మొదటి నెల కోడిగీతలు. ఆ తర్వాత పేజీలన్నీ ఒకే చేతిరాత, గుండ్రంగా. స్విచ్ బోర్డు బొమ్మల్లో ఎర్రతీగకు ఎర్రసిరా, నల్లతీగకు నల్లసిరా వాడింది. వేట మొదలైన నాటి నుంచి నూకరత్నం ఒక్కరోజు కూడా మానలేదు. ఇంటర్ పాసై ఇంట్లో కూర్చున్న పిల్ల. పొద్దున్నే తల్లితో కలిసి చేపల తట్ట దింపి, తొమ్మిదింటికల్లా అన్న సీట్లో కూర్చునేది.

పరీక్షకు పది రోజులే ఉంది. ఈ గందరగోళం పైకి పొక్కితే నా ఉద్యోగం గాలిలో దీపం. కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుని, చివరికి దానయ్య తాత దగ్గరికి వెళ్లాను. "తాతా, కాగితంలో పేరున్నవాళ్లే పరీక్షకి రావాలి. బదులు కుదరదు."

"అలాగే బాబూ. ఆరోజు ఏట ఆపీస్తాం," అన్నాడు ఆయన, టీ తాగినంత తేలిగ్గా.

తిరిగి వస్తుంటే నూకరత్నం రోడ్డు దాకా వెంట వచ్చింది. బస్సు కనబడ్డాక అంది. "బాబూ, పరీచ్చ నాను రాస్తాను."

"నీ పేరు లేదమ్మా. పేరు మార్చడానికి రూలు ఒప్పుకోదు."

"ఎల్లాజీకి తీగ పట్టుకోడమే రాదు. ఆడికి కావాలని కూడా నేదు. నాను తట్ట మోసినా అమ్మ పేరే, వల అల్లినా నాన్న పేరే. అందరి బదులూ నానే కదా సేస్తన్నాను! ఈ ఒక్క పనీ నా పేరు మీద కావాల బాబూ."

నేనేమన్నానో తెలుసా? "వచ్చే బ్యాచ్‌లో చూద్దాం" అన్నాను. వచ్చే బ్యాచ్ టైలరింగ్. ఆ సంగతి నాకు తెలుసు. ఆమెకు తెలియదు. బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక నా మీద నాకే రోత పుట్టింది. అయినా దిగి వెనక్కి వెళ్లలేదు.

పరీక్ష రోజు రేవుపేట నుంచి ఒక్క పడవ కూడా సముద్రం మీదకు వెళ్లలేదు. అసలైన ముప్పై మంది, తలలు దువ్వుకుని, రెండు ఆటోల్లో కిక్కిరిసి దిగారు. వెనక మూడో ఆటోలో ఊరు దిగింది. పరీక్షించేవాడిని అసెసర్ అంటారు. మాకు సంబంధం లేని సంస్థ పంపే బయటి మనిషి. ఆయన విజయవాడ నుంచి వచ్చారు. ఇస్త్రీ చొక్కా, కళ్లద్దాలు. నవ్వు ముఖాన ఒక్కసారి కూడా పుట్టినట్టు లేదు. యంత్రం ముప్పై మందినీ ఒప్పుకుంది.

తొమ్మిది మంది తమ సొంత చేతులతో బాగానే చేశారు. మిగతావాళ్లకు ఇళ్లల్లో అప్పజెప్పిన పాఠం కొంత గుర్తుంది, కొంత లేదు. పదకొండో నంబరు వచ్చాడు. ఎల్లాజీకి పడిన ప్రశ్న, మెట్ల దగ్గర దీపం. కింది స్విచ్చుతో వేసిన దీపాన్ని పై స్విచ్చుతో ఆర్పగలిగేలా తీగలు కలపాలి. ఎల్లాజీ తీగల్ని చూశాడు. తీగలు ఎల్లాజీని చూశాయి. తర్వాత అతను కిటికీ వైపు చూశాడు.

కిటికీ అవతల, షెడ్డు వెనక ఇసకలో, నూకరత్నం నిలబడి తువ్వాలు ఊపుతోంది. ఒడ్డున ఉన్నవాళ్లు సముద్రంలో ఉన్న పడవకు తువ్వాలుతో దారి చెప్పడం అక్కడి అలవాటు. ఎడమకి పో, కుడికి తిప్పు, లాగు, ఆగు, అన్నిటికీ గుర్తులున్నాయి. ఆ గుర్తులతో ఆమె అన్నకు ఎర్రతీగ ఎడమ మరలో పెట్టమని, నల్లది ముట్టుకోవద్దని, బిగించమని చెబుతోంది. ఎల్లాజీ పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ తువ్వాలు చూసి పడవ తిప్పినవాడు. చక్కగా బిగిస్తున్నాడు. ఆమె ఉత్సాహం పట్టలేక తువ్వాలు తల చుట్టూ గిరగిరా తిప్పింది. దానర్థం వల లాగెయ్యమనట. ఎల్లాజీ తీగలన్నీ కలిపి ఒక్క లాగు లాగాడు. బోర్డు ఊడి అసెసర్ గారి బూటు మీద పడింది.

అసెసర్ వంగి బోర్డు తీసి, కిటికీ వైపు చూశారు. "ఎవరా అమ్మాయి?"

ఎల్లాజీ తడుముకోలేదు. చేతిలో స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టి, నిటారుగా నిలబడ్డాడు.

"ఈ సీటు ఆమెదే సారూ. నాను ఆమె బదులొచ్చాను."

అసెసర్ నా వైపు తిరిగి, "మీరు చెప్పండి" అన్నారు. అబద్ధానికి నాలుక మీద మాట సిద్ధంగానే ఉంది. ఏదో పిచ్చిపిల్లండీ, ఊళ్లోది అనొచ్చు. కానీ ఇరవై ఏళ్ల కుర్రాడు తన పేరున ఉన్న సీటును అలా వదిలేశాక, నలభై రెండేళ్లవాణ్ని ఆ మాట అనలేకపోయాను. మొత్తం చెప్పేశాను. వేట నిషేధం, మే నెల ఫైలు, ఇంటికొకరు, సోమవారం మామ, మంగళవారం అల్లుడు, నా రిపోర్టులో మహిళల భాగస్వామ్యం, ఏదీ దాచలేదు.

ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. అమ్మాయిని లోపలికి పిలవమన్నారు. "మార్కులు వేయను. పని చూస్తాను."

నూకరత్నం తువ్వాలు నడుముకు చుట్టుకుని వచ్చింది. పావుగంటలో దీపం వెలిగింది. ఆయన కింద నుంచి వేశారు, పైనుంచి ఆర్పారు. పైనుంచి వేశారు, కింద నుంచి ఆర్పారు. పదిసార్లకు పైగా వేసి ఆర్పి, "ఆర్‌పీఎల్‌లో పెట్టండి" అని ఒక్క మాట అన్నారు. ఆర్‌పీఎల్ అంటే, ముందే పని వచ్చినవాళ్లకు మూడు నెలల కోర్సు లేకుండా, నేరుగా పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి. వాళ్లు పని ఎక్కడ నేర్చుకున్నారని ఎవరూ అడగరు. ఆ పద్ధతి నా బల్ల సొరుగులో సర్క్యులరుగా ఏడాది నుంచీ ఉంది. దాని మీద టిఫిను పొట్లం పెట్టుకుని తినేవాణ్ని.

నాకు మెమో వచ్చింది. హాజరు తప్పుగా చూపినందుకు సంజాయిషీ రాయమన్నారు. నాలుగు పేజీలు రాశాను. చదివిన అధికారి మూడో పేజీ దగ్గర, బోర్డు బూటు మీద పడిన చోట, నవ్వు ఆపుకోలేకపోయారని గుమాస్తా చెప్పాడు. అయినా శిక్ష తప్పలేదు. సాలూరు కేంద్రానికి బదిలీ చేశారు. అక్కడ లారీల ఊరు. డ్రైవింగ్ బ్యాచ్ పెట్టగానే నేను అడిగిన మొదటి ప్రశ్న, "నీకు కుదరనిరోజు నీ బదులు ఎవరొస్తారు?" సగం మంది తడుముకోకుండా బావ పేరు చెప్పారు. అప్పటి నుంచి ఏ ఊరెళ్లినా దరఖాస్తు తీసే ముందు, అక్కడ పని ఎలా పంచుకుంటారో కూర్చుని అడుగుతాను. నా ఉపన్యాసం తర్వాత. చాలాసార్లు దాని అవసరమే పడదు. ఒక పేరు వెనక ఎంతమంది పని చేస్తున్నారో, అందులో ఎవరి పేరు ఎక్కడా పడకుండా పోతోందో తెలుసుకోవడమే నా అసలు ఉద్యోగమని నాకు తెలియడానికి పదకొండేళ్ల సర్వీసు, ఒక మెమో పట్టాయి.

నూకరత్నం ఆ అక్టోబరులో తన పేరు మీద పరీక్ష రాసింది. కొత్తవలస దగ్గర స్విచ్ బోర్డులు తయారుచేసే చిన్న కంపెనీలో ఉద్యోగం వచ్చింది, అక్కడే హాస్టల్లో ఉండేది. చేరిన రెండు నెలలకు నాకు ఫోన్ చేసింది.

"బాబూ, నాకు జొరమొచ్చి ఇంటికొచ్చీసాను. మూడ్రోజులు పనికెల్లనేదు."

"ఇప్పుడెలా ఉందమ్మా?"

"తగ్గిపోనాది. అమ్మ అయితే నా బదులు తనెల్తానని టిఫిను డబ్బా కట్టీసుకుని, బస్సుకి తయారైపోనాది. కూకోమన్నాను. సెలవంటే ఏటో సెప్పడానికి ఒక పూట పట్టినాది బాబూ. నువ్వెల్లకపోతే నీ సోటు పోదా, పోదా అని ఒకటే గోల."

ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత ఆమె గొంతు తగ్గించింది. పక్కన ఎవరో ఉన్నట్టున్నారు, మిషన్ల చప్పుడు వినిపిస్తోంది.

"ఇయ్యాలే మల్లీ పనికొచ్చాను బాబూ. నా టేబులు అలాగే ఉన్నాది. మూడ్రోజులూ ఎవులూ కూకోనేదట. నాకోసరమే ఖాలీగా ఉంచీసారట."